కాటా మీద దుమ్ము

ఆ మిల్లు కట్టేముందు మమ్మల్ని అడిగారు. అడగలేదని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. అడిగింది మాత్రం ఆషాఢంలో.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్తలు. మా పేట ప్రొద్దుటూరికి ఆనుకునే ఉన్నా ఊరిలో లెక్క కాదు. ఊరు పెరుగుతోంది. బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు నడుమ ఉంటే, చప్పుడు చేసేవి, కంపు కొట్టేవి, పొగ వదిలేవి అన్నీ అంచుకు వచ్చేవి. అంచున ఉన్నది మేము. మా మిద్దెలకు తూర్పున ఉన్న బీడులో శెనక్కాయల మిల్లు పెడతానని ఒక షావుకారు వచ్చాడు. మర్యాదస్తుడే. మా అరుగు మీద కూర్చుని, మా అత్త ఇచ్చిన మజ్జిగ తాగి, "ఇంజను చప్పుడు కొంచెం ఉంటాది, దుమ్ము కొంచెం లేస్తాది. మీకేమన్నా ఇబ్బందా?" అని అడిగాడు.

ఆ రోజు పడమటి గాలి మా మిద్దెల మీంచి బీడు వైపు ఈడ్చి కొడుతోంది. వీధిలో ఆడవాళ్ల కొంగులన్నీ తూర్పుకే ఎగురుతున్నాయి. మా అత్త చెయ్యెత్తి ఆ కొంగులనే చూపించింది.

"గాలి మా దిక్కునుంచి మీ దిక్కుకు పోతాంది గదప్పా. మీ దుమ్ముతో మాకేం పని? కట్టుకోండి."

పేటలో మగవాళ్లు కూడా అదే అన్నారు. నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఆ పేటలో కళ్లంలో చేట పట్టని మనిషి లేదు. ఏ నెలలో గాలి ఎటు తిరుగుతుందో చూసి, దానికి తగ్గట్టు నిలబడి, తూర్పారబట్టి గింజ చేసుకున్నవాళ్లమే. కార్తీకం దాటితే తూర్పుగాలి అని పిల్లలకు కూడా తెలుసు. కానీ అది కళ్లంలో తెలివి. అరుగు మీద మాట ఇచ్చేటప్పుడు అది ఒక్కరికీ గుర్తు రాలేదు. నన్ను ఎవరూ అడగలేదు గానీ, అడిగితే నేనూ కట్టుకోమనే చెప్పి ఉండేదాన్ని.

మిల్లుకు తూర్పున రోడ్డు. గేటు అక్కడే, రైతుల బండ్లు ఆగేది అక్కడే, మూటలు తూచే కాటా అక్కడే. అటు వైపు శుభ్రంగా ఉండాలని, కాయలు పగలగొట్టే మిషన్ నుంచి పొట్టు బయటికి చిమ్మే రేకు గొట్టాన్ని పడమటి గోడలోంచి మా వైపుకు తీశారు. ఆ గోడ కిందనే ఆడకూలీలు వరుసగా కూర్చుని గింజలు చెరిగేవాళ్లు. కార్తీకంలో కొత్త కాయ వచ్చింది. ఇంజను మొదలైంది. అప్పటికి గాలి తిరిగింది.

తెల్లవారేటప్పుడు గాలే ఉండదు. ఇంజను పొగ, పొట్టు తగలబెట్టిన పొగ పైకి లేవలేక, మంచుతో కలిసి మా మిద్దెల ఎత్తులోనే పరుచుకుని ఉండేది. పొద్దెక్కి గాలి కదిలితే పొగ పోయి దుమ్ము వచ్చేది. కాయకు అంటుకున్న ఎర్రమన్ను, గింజ మీది పొర, పొట్టు నలిగిన నూగు, అన్నీ కలిసిన దుమ్ము అది. చేతికి మెత్తగా ఉంటుంది, గొంతులో గరగరమంటుంది. సంగటి ముద్ద విరిచి నోట్లో పెట్టుకుంటే పళ్ల కింద కరకర. ఉతికి ఆరేసిన బట్ట మాపటికి ఎర్రబడేది. బావి నుంచి మోసుకొచ్చిన నీళ్లు ఒకే బట్టకు రెండుసార్లు పోయాలంటే నాకు చేతులు రాలేదు.

పొట్టుతో నాకు పేచీ లేదు. ఎగిరొచ్చిన పొట్టును ఏరి పొయ్యిలో వేసుకునేదాన్ని. ఊరికే వచ్చిన వంటచెరుకు, ఎందుకు వదలాలి? ఈ నూగు అట్లా కాదు. పొయ్యిలో వేస్తే మంటను ఆర్పుతుంది. పెంటదిబ్బలో వేస్తే గాలికి లేచి మళ్లీ ఇంట్లోకే వస్తుంది. ఎందుకూ పనికిరాని వస్తువు ఇంట్లో ఉంటే నాకు కుదురు ఉండదు.

మిల్లు వచ్చేటప్పటికి నా కూతురు చిన్నపిల్ల. మొదటి చలికాలం దగ్గింది. రెండో చలికాలం గస పట్టుకుంది. మూడో ఏడు, దానికి ఐదేళ్లు వచ్చేసరికి, పడుకోవడం మానేసింది. పడుకుంటే ఊపిరి అందేది కాదు. గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ముసలివాళ్లలాగా పీల్చేది. పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట పడేది. లోపల పిల్లికూన కూసినట్టు సన్నని చప్పుడు. ఎండలు ముదిరితే ఏమీ జరగనట్టు ఎగిరేది, దూకేది. అందుకని అది చలికి వచ్చే రోగం, ఎండకు పోయే రోగం అని అందరూ తేల్చేశారు. మా అత్త ఇంకొక అడుగు ముందుకు వేసింది.

"ఇది మా ఇంటి రోగం గాదు. మీ నాయన నెత్తురు. ఆయన దగ్గే దీనికి వచ్చింది."

మా నాయనది పులివెందుల పక్క పల్లె. కొండలో తవ్విన తెల్లరాయిని పొడి కొట్టే చోటికి ఆయన కూలికి పోయేవాడు. నా పెళ్లి పందిట్లో ఆయన దగ్గిన దగ్గును మా అత్త మరిచిపోలేదు. చివరి ఏళ్లలో ఆయన కూడా మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు. ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏముంది? రెండో తరగతితో బడి మానేసినదాన్ని. తాత నెత్తురు మనవరాలికి ఎంత పోతుందో, అందులో దగ్గు ఉంటుందో ఉండదో నాకేం తెలుసు? పిల్ల వీపు రాస్తూ కూర్చునేదాన్ని.

నా మొగుడి అక్క జమ్మలమడుగులో ఉండేది. పిల్లలు లేరు. పెట్టే చెయ్యి, అరిచే నోరు, రెండూ పెద్దవే. ఆ ఏడు కార్తీకంలో చూడటానికి వచ్చి, గోడకు ఆనుకుని రొప్పుతున్న పిల్లను చూసి ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని ఒకే మాట అంది.

"పిల్లను నాకిచ్చేయండి. పెన్నేటి పక్కన మా ఇల్లు. ఈడ గాలి దీనికి పడదు."

"చలికాలం వరకేనా వదినా?" అన్నాను.

"చలికాలమంటావేందే? పెద్దదయ్యేదాకా నా కాడ్నే ఉండనీ. బడికి నేను పంపిస్తా, తల నేను దువ్వుతా. నీకు మళ్లీ కాన్పులు రావా ఏంది?"

ఆమె మాటలో చెడు లేదు. ఉంటే కొట్లాడి ఉండేదాన్ని. ప్రేమతో అడిగేవాళ్లకు అడ్డం చెప్పడం కష్టం. అట్లా పోయిన పిల్లలు తిరిగి రావడం నేను ఎక్కడా చూడలేదు. పండగకు వస్తారు, కన్నతల్లిని చిన్నమ్మా అని పిలుస్తారు, మళ్లీ పోతారు.

నా మొగుడు దర్జీ. షావుకారు చుట్టాల బట్టల అంగడి అరుగు మీద మిషన్ పెట్టుకుని కుట్టేవాడు. మెత్తని మనిషి. అక్క మాటకు తల ఊపేశాడు.

"జమ్మలమడుగేమన్నా సముద్రం అవతల ఉండాదా? పొద్దున బస్సెక్కితే మాపటికి చూసి రావచ్చు."

"చూసి రావడానికి నేను దాని చుట్టాన్నా?" అన్నాను.

పుష్యంలో మంచి రోజు చూసుకుని వచ్చి పిల్లను తీసుకుపోతానని వదిన మాట తీసుకుని వెళ్లింది. మాట ఇచ్చింది నేను కాదు, మా అత్త. గాలి విషయంలో ఇచ్చినట్టే ఇచ్చింది.

ఆ లోపలే, మార్గశిరంలో, పిల్లకు ఆటలమ్మ పోసింది.

మా వైపు ఇంట్లోకి అమ్మవారు వస్తే కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. గడపకు వేపమండలు కడతాం. తాలింపు పెట్టం. మిరపకాయలు దంచం. ఘాటు లేవకూడదు, దుమ్ము లేవకూడదు, ఆ ఇంటి వైపు తిరిగి చేట విదిలించకూడదు. ఆ ఒక్క ఇల్లే కాదు, చుట్టుపక్కల ఇళ్లూ పాటిస్తాయి. పిల్లకు వేపాకు, పసుపు వేసిన నీళ్లు మూడుసార్లు పోసి అమ్మవారిని సాగనంపేదాకా అంతే.

మా పక్కిల్లు సాయిబులది. ఆ ఇంటి అక్క మిల్లులో చెరిగే ఆడవాళ్లకు పెద్ద. పొద్దున్నే చేట చంకన పెట్టుకుని పనికి పోతూ మా గడప చూసి ఆగిపోయింది.

"ఏంది అమ్మీ, పాపకా?"

"ఆటలమ్మక్కా."

ఆమె ముసుగు సర్దుకుని, కాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. "మా ఇండ్లల్లో అయినా అమ్మోరు అమ్మోరే" అని వెళ్లిపోయింది.

మిల్లులో ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది. చెరిగే ఆడవాళ్లంతా చేటలు బోర్లించి కూర్చున్నారట. గుమాస్తా వచ్చి అరిచాడట.

"ఏమ్మా, చేటలకు గూడా పండగ ఇచ్చినారా?"

"ఆ ఇంట్లో అమ్మోరుండాదప్పా. ఆ దిక్కుకు దుమ్ము లేపితే రేపు మా పిల్లోళ్లకు పోస్తాది. నీకు గూడా పిల్లోళ్లుండారు గదా."

తన పిల్లల మాట వచ్చేసరికి గుమాస్తా వెనక్కు తిరిగి పోయాడట. కబురు షావుకారు ఇంటికి చేరింది. మిల్లు మీద అమ్మవారి కోపం పడితే ఎట్లా అని ఆయన భార్య పట్టుబట్టిందట. మధ్యాహ్నానికి ఇంజను ఆగిపోయింది. వచ్చిన కాయలను గోదాములో పోసుకున్నారు.

ఆ నిశ్శబ్దం ఎట్లా ఉందంటే, వీధి చివర ఎవరో బావిలో చేద వేస్తే మా ఇంట్లోకి వినిపించింది. మూడు చలికాలాలుగా ఆ చప్పుడు వినలేదని అప్పుడే తెలిసింది.

పిల్ల ఒళ్లంతా పొక్కులు. జ్వరం. వేపాకుల మీద పడుకోబెట్టాను. నేను వంటింట్లో ఉప్పు వేయని అన్నం మెత్తగా ఉడికిస్తుంటే, పిల్ల పక్కన కూర్చున్న మా అత్త నెమ్మదిగా పిలిచింది.

"ఏమ్మే. ఇట్ల రా."

పోయాను. పిల్ల పడుకుని ఉంది. వెల్లకిలా పడుకుని, నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తోంది. మెడ కింద గుంట లేదు.

"నిద్రపోతాంది" అంది మా అత్త.

"అవునత్తా."

"పండుకోని నిద్రపోతాంది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ వారమంతా బయట వణికించే చలి. మిద్దె అంచున మంచు నీళ్లయి కారుతోంది. చలి అట్లాగే ఉంది. దాని ఒంట్లో మా నాయన నెత్తురు ఎంత ఉంటే అంతా అట్లాగే ఉంది. ఆగింది మిషన్ ఒక్కటే.

పిల్ల పక్కన కూర్చుని మా నాయనను తలుచుకున్నాను. పని నుంచి వచ్చి, ఇంట్లోకి అడుగు పెట్టకముందు, తలపాగ విప్పి వాకిట్లో స్తంభానికేసి కొట్టేవాడు. రాతిపొడి తెల్లగా లేచేది. మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కొట్టడం అయ్యేదాకా లోపలే ఉండేది. రోజూ చూశాను. ఆయన దగ్గు ఆయన నెత్తురులోదని ఎవరో అంటే నమ్మి, మూడేళ్లు తల దించుకున్నాను. ఆ రోజు ఎత్తాను.

మూడో నీళ్లు పోసిన తర్వాత వేపమండలు విప్పి చెట్టు మొదట్లో వేశాను. మర్నాడు పొద్దున ఇంజను మొదలైంది. మాపటికి పిల్ల లేచి గోడకు ఆనుకుంది.

తెల్లవారి మిల్లుకు పోయాను. గుమాస్తా కాటా పక్కన నిలబడి ఉన్నాడు. సంగతి చెప్పాను. మిషన్ ఆగితే పిల్లకు గస ఆగింది, మొదలైతే మొదలైంది, ఆ గొట్టం ఇంకో దిక్కుకు తిప్పండి అని. ఆయన పూర్తిగా విన్నాడు. వినలేదని అనను.

"అమ్మోరుండాదంటే ఆపినాం తల్లీ. పోయింది గదా. ఇప్పుడేముండాది మీ ఇంట్లో?"

"బిడ్డ ఉండాది."

"బిడ్డలు అందరిండ్లల్లో ఉండారు. కిటికీలు మూసుకోండి."

పక్కన హమాలీలు నవ్వారు. ఇంటికి వచ్చి ఆ మాట మా అత్తకు చెప్పాను. ఆమె గొంతు తగ్గించి, "వేపమండలు మళ్లీ కట్టెయ్. అమ్మోరు పోలేదని చెప్దాం. కాయ అయిపోయేదాకా ఉంటాది" అంది.

ఆ మాట విని నాకు మొదటిసారి మా అత్త మీద ప్రేమ కలిగింది. కానీ తల అడ్డంగా ఊపాను.

"లేని అమ్మోరిని ఉండాదని చెప్పను అత్తా. నా బిడ్డ ఊపిరి పీల్చుకోవాలంటే దేవత పూచీ పడాల్నా?"

"అయితే ఏం జేస్తావే?"

"ఎవరి సొమ్ము వాళ్లకిచ్చేసి వస్తా."

మర్నాడు చీకటి విడవగానే మిద్దె ఎక్కి ఊడ్చాను. మిద్దె, వసారా, అరుగు, నీళ్ల తొట్టి మూత, చింతపండు కుండ మూత, ఎక్కడిదక్కడ ఊడ్చి, ఒక గోనె గోతంలోకి ఎత్తాను. పొట్టు ముక్కలు కూడా ఏరలేదు. అంతా వాళ్లదే. పొద్దెక్కాక నెత్తిన పెట్టుకుని చుట్టూ తిరిగి రోడ్డు వైపు గేటుకు పోయాను.

రైతుల బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. మైలవరం వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు కాటా దగ్గర ఉన్నాడు. గుమాస్తా ఆయన మూటలోంచి పిడికెడు కాయలు తీసి, అరచేతిలో ఊది, "మన్ను శానా ఉండాది. తరుగు తీయాల్సిందే" అంటున్నాడు. కాయలో మన్ను ఉంటే, మన్ను బరువని చెప్పి తూకంలో కోసేస్తారు. దాన్నే తరుగు అంటారు. పెద్దాయన బతిమాలుతున్నాడు. ఆయన మూట దిగీ దిగగానే నా గోతం కాటా మీద పెట్టాను.

"ఏందమ్మా ఇది?"

"మీ సరుకప్పా. దారి తప్పి మా ఇంటికి వచ్చింది. తూకం వేసుకో."

"ఏం సరుకు?"

గుమాస్తా మూతి తాడు లాగాడు. ఆయన కాటాకు పడమట నిలబడ్డాడు. గాలి తూర్పునుంచి కదా. గుప్పున లేచి ముఖాన కొట్టింది. కళ్లు మూసుకుని, వంగిపోయి దగ్గుతుంటే నేను అన్నాను.

"కిటికీలు మూసుకోప్పా."

ముందు నవ్వింది హమాలీలే. తర్వాత బండ్ల మీది రైతులు. గుమాస్తా కండువాతో ముఖం తుడుచుకుని ఎర్రగా చూశాడు.

"ఇది మా మిల్లుదని గుర్తేముండాది? వీధి దుమ్ము ఎత్తుకొచ్చి ఈడ పోస్తాండావా?"

మైలవరం పెద్దాయన వంగి చిటికెడు తీసి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"శెనక్కాయ పొట్టు గాకపోతే ఏందప్పా ఇది? ఈయమ్మ మిద్దె మీద కాయ పండించిందా?" అని, ఉన్నట్టుండి ఆయన గొంతు మారింది. "మా కాయలో మన్నుండాదని తరుగు తీస్తివే. తరుగు తీసినాక ఆ మన్ను నీదే, నీ మిల్లుదే. తరుగు తీసుకున్న సరుకును వీళ్ల కొంపల్లో పోస్తాండావా?"

"మా తరుగంతా వీళ్లింట్లో ఉండాది మామా" అని వెనక బండి మీది మనిషి అరిచాడు. "రేపటినుంచి ఈయమ్మతోనే తూకం వేయించుకుందాం."

నేను గోతాన్ని కాటా కాళ్ల దగ్గర బోర్లించి, దులిపి, మడిచి చంకన పెట్టుకున్నాను. దుమ్ము వాళ్లది, గోతం నాది.

మాపటికి ఆ సంగతి బట్టల అంగడికి చేరింది. నా మొగుడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమే, నలుగురిలో నవ్వులపాలు జేస్తాండావు. ఆ అరుగు వాళ్లది. మిషన్ ఎత్తుకుపొమ్మంటే నేను యాడ కూర్చోని కుట్టాల?"

"మన అరుగు మీద."

"మన అరుగు మీదనా? దుమ్ములో తెల్లగుడ్డ కుట్టాల్నా?"

"అందుకే పోతాండా" అన్నాను.

మర్నాడు మళ్లీ పోయాను. ఆ మర్నాడు నేను పిలవకుండానే వీధిలో ఆడవాళ్లు గంపలతో బయలుదేరారు. అందరికంటే ముందు మా అత్త. నడవలేనని రెండేళ్లుగా అరుగు దిగని మనిషి, చిన్న చేట నిండా దుమ్ము పట్టుకుని నా ముందు నడిచింది. మమ్మల్ని చూసి రైతులు బండ్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు. తూకం ఆగిపోయింది. షావుకారే బయటికి వచ్చాడు.

"ఏం గావాల్నమ్మా మీకు?"

మా అత్త ఆయన ముఖంలోకి చూసి, "మజ్జిగ తాగి అడిగితివి గదప్పా ఇబ్బందేమన్నానా అని. ఇప్పుడు చెప్తాండా. ఉండాది" అంది.

"ఆ పొద్దు లేదంటిరి."

"ఆ పొద్దు ఈ గాలి లేదు."

నేను చెప్పాల్సింది చెప్పాను. గొట్టం ఇటు రోడ్డు వైపు తిప్పండి, చెరగడం కూడా ఇటు పెట్టుకోండి అని. షావుకారు చిరాగ్గా బండ్ల వైపు చెయ్యి చూపించాడు.

"రైతులు నిలబడే చోట దుమ్ము పోస్తే సరుకు ఎవరు తెస్తారమ్మా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఉన్న మాట అన్నాడు, అంతే. కానీ ఆ మాట అందరూ విన్నారు. మైలవరం పెద్దాయన ఆ రోజు కూడా అక్కడే ఉన్నాడు. "మేం పూటసేపు నిలబడే చోట పనికిరానిది, వాళ్లు పండుకునే చోట పనికొస్తాదా సామీ?" అన్నాడు. మిల్లు లోపలి నుంచి మా పక్కింటి అక్క చేట పట్టుకుని వచ్చి మా వరుసలో నిలబడింది. వెనకే మిగిలిన ఆడవాళ్లు.

"ఆ గోడ కింద మేం గూడా కూర్చోం" అంది ఆమె. "మాపటికి మా ఉమ్ము ఎర్రగా పడతాంది. అమ్మోరు రావాల్నా మీకు, మనిషి చెప్తే చాలదా?"

షావుకారు మమ్మల్నీ బండ్లనూ మార్చి మార్చి చూశాడు. కాయ ముమ్మరంగా వచ్చే రోజులు. మిల్లు మా ఒక్క ఊరిలోనే లేదు. బండి తిప్పుకోవడం రైతుకు ఎంత పని?

మూడు దిక్కులా నాపరాళ్లు నిలబెట్టి, పైన రేకులు కప్పి, గొట్టం మూతి దగ్గర ఒక గది కట్టించాడు. పొట్టు ఆ గదిలోనే పడాలి. తెరిచి ఉన్న దిక్కున గోతాలు కుట్టి తెరలాగా వేలాడదీసి, వాటిని ఎప్పుడూ తడిపి ఉంచాలి. నూగు ఆ తడికి అంటుకుంటుంది. తడి గోతాల మాట చెప్పింది నేనే. ఎండాకాలం నీళ్ల తొట్టికి నేను కట్టేది అదే. చెరిగే ఆడవాళ్లకు మిల్లు దక్షిణాన రేకుల కింద చోటు ఇచ్చారు. గది లేచేదాకా మిషన్ నడిపారు, నడపలేదని చెప్పను. పిల్ల గోడకు ఆనుకునే ఉంది. నేను గోతం మోస్తూనే ఉన్నాను.

ఆ గది కట్టడం అయిన రోజే జమ్మలమడుగు బస్సు దిగి మా వదిన వచ్చింది. నా మొగుడు అప్పటికే పిల్ల బట్టలు మూట కట్టి పెట్టాడు. రెండు గౌన్లు ఆయనే కొత్తవి కుట్టాడు.

అన్నాలు తిన్నాక ఇంజను మొదలైంది. పిల్ల కాసేపు మా వదిన గాజులతో ఆడుకుని, ఆవలించి, చాప మీద ఒరిగింది. అందరం దాన్నే చూస్తున్నాం. అది పడుకుంది. లేచి కూర్చుంటుందని చూశాం. లేవలేదు.

వదిన వంగి దాని వీపుకు చెవి ఆనించింది. చాలాసేపు అట్లాగే ఉంది.

"గస సన్నగా ఉండాది ఇంకా" అంది.

"ఉండాది వదినా."

"రేపు ఎక్కువైతే?"

"ఎక్కువైతే గోతం ఎత్తుకోని నేను పోతా. పిల్ల పోదు."

వదిన మా అత్త వైపు చూసింది. మా అత్త మిల్లు వైపు చూస్తోంది. తమ్ముడి వైపు చూసింది. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. వదిన లేచి, వాకిట్లో ఆరేసిన బట్టల తీగను రెండు వేళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచి, వేళ్లు వెలుగులో పెట్టి చూసుకుంది. లోపలికి వచ్చి మూట ముడి విప్పి, గౌన్లు ఒక్కొక్కటే మేకుకు తగిలించింది. ఆ తర్వాత మూలకు పోయి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఆమె ఏడుపుకు ఆమెకు హక్కు ఉంది.

ఆ మరుసటి చలికాలానికి బట్టల అంగడి వాళ్లు అరుగు ఖాళీ చేయమన్నారు. నా మొగుడి మిషన్ మా అరుగు మీదికి వచ్చింది. అక్కడే కుట్టాడు, తెల్లగుడ్డ కూడా. మా అత్త నెత్తురు మాట మళ్లీ ఎత్తలేదు. తప్పు అన్నానని కూడా అనలేదు. నాకు అవసరం లేదు.

దుమ్ము పూర్తిగా ఆగిపోయిందని చెబితే అబద్ధం. గోతాలు తడిపేవాళ్లు బద్ధకిస్తే మా తొట్టి మూత మీద ఎర్రగా పడేది. పడిన పొద్దున నేను ఊడ్చి, ఎత్తి, గేటు వైపు నడిచేదాన్ని. మలుపు దగ్గర నా నెత్తిన మూట కనపడితే చాలు, గుమాస్తా అక్కడి నుంచే వెనక్కు తిరిగి, "ఒరేయ్, తెరలు తడపండ్రా, ఆమె వస్తాంది!" అని కేకలు పెట్టేవాడు. చాలాసార్లు కాటా దాకా పోవాల్సిన పని పడలేదు.

ఆ మిల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో ఇళ్లు వచ్చాయి. ఊరు మా పేటను దాటి ఎంతో దూరం పోయింది. చలికాలం తెల్లవారుజామున పొగ ఇంకా మిద్దెల ఎత్తులోనే నిలబడుతుంది. పొద్దెక్కాక వచ్చే దుమ్ము రంగు మాత్రం మారింది, ఎర్రది పోయి బూడిదరంగు వచ్చింది. నా కూతురు ఇంటికి పెద్దదై, మనవళ్లను ఎత్తుకుని కూడా రోజూ నాకు ఫోను చేస్తుంది. "అమ్మా, గాలి బాగాలేదంట. కిటికీలు మూసుకో."

మూయను. పొద్దున్నే మిద్దె ఊడుస్తాను. ఊడ్చింది గోతంలో పోసి, మూతి కట్టి, గడప పక్కన పెడతాను. ఇది ఎవరి సరుకో ఇంకా తెలియలేదు. తెలిసిన రోజు తూకానికి తీసుకుపోవాలి కదా.